ఆరు పరుగుల తేడాతో రెండో స్థానం: ప్లేఆఫ్స్ లెక్క మనమే వేసుకుందాం

చేసిన పరుగులు 2605. ఇచ్చినవి 2599. 2024 ఐపీఎల్ లీగ్ దశలో సన్‌రైజర్స్ హైదరాబాద్ ఆట మొత్తం ఈ రెండు అంకెల్లో ఉంది. ముంబై మీద 277, బెంగళూరు మీద 287 బాదిన జట్టుకు సీజన్ చివర్లో మిగిలిన తేడా ఆరంటే ఆరు పరుగులు. అయినా ఆ ఏడాది పట్టికలో మనవాళ్లది రెండో స్థానం. సరిగ్గా అన్నే పాయింట్లు, 17, తెచ్చుకున్న రాజస్థాన్ రాయల్స్ మూడో స్థానంలో ఆగిపోయింది. ఆరు పరుగులతో అంత పని ఎలా జరిగింది?

ఈ ప్రశ్న మన వైపు కొత్తది కాదు. మే నెల వచ్చిందంటే దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ హాస్టళ్లలో టీవీ ముందు, చైతన్యపురి, కొత్తపేట టీ కొట్ల దగ్గర, ఎల్బీనగర్ చౌరస్తాలో ఒకటే చర్చ. ‘అన్నా, మనోళ్లు ఇంకా రేసులో ఉన్నరా?’, ‘వాళ్లు ఓడాలి, వీళ్లు గెలవాలి, ఇగ వాన పడొద్దు’, ‘రన్‌రేట్ మైనస్‌ల ఉంది, ఖతం!’ ఉప్పల్ స్టేడియం మనకు పొరుగే మరి. కామినేని మీదుగా నాగోల్ వెళ్లి మెట్రో ఎక్కితే ఉప్పల్ తర్వాత వచ్చే స్టేషనే స్టేడియం. ఆట అంత దగ్గరగా ఉన్నా, ఎవరు ముందుకు వెళ్తారో తేల్చే లెక్క మాత్రం చాలామందికి టీవీ చెబితేనే తెలుస్తుంది. అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. భాగహారం వస్తే చాలు.

ముందు పాయింట్లు. ఐపీఎల్‌లో 2022 నుంచి పది జట్లు. ఒక్కో జట్టు అయిదు జట్లతో రెండేసి సార్లు, మిగతా నాలుగు జట్లతో ఒక్కోసారి ఆడుతుంది. పదీ నాలుగూ కలిపి 14 మ్యాచ్‌లు. గెలిస్తే 2 పాయింట్లు, ఓడితే సున్నా, వానకు కొట్టుకుపోతే చెరొకటి. అంటే ఏ మ్యాచ్ అయినా పట్టికలోకి తెచ్చేది రెండే పాయింట్లు. మొత్తం 70 మ్యాచ్‌లు కాబట్టి పంచాల్సిన పాయింట్లు 140. పది జట్లకు సమానంగా పంచితే తలా 14 వస్తాయి.

ఇక్కడే మొదటి సందేహం తీరిపోతుంది. అందరూ ‘పదహారు కావాలి, పదహారు’ అంటారెందుకు? 14 అంటే సగటు. పదిమందిలో ప్లేఆఫ్స్‌కు వెళ్లే మొదటి నలుగురిలో ఉండాలంటే సగటుకు కాస్త పైన ఉండాలి, అంటే ఒక గెలుపు ఎక్కువ కావాలి. అదే 16. ఇది రూల్ పుస్తకంలో రాసి ఉన్న గీత కాదు, లెక్కలోంచి దానంతట అదే పుట్టిన గీత. 2022 నుంచి 2025 వరకు నాలుగు సీజన్లలో 16 తెచ్చుకునీ ప్లేఆఫ్స్‌కు దూరమైన జట్టు ఒక్కటీ లేదు. 14తో మాత్రం కథ మారుతుంది. 2024లో బెంగళూరు, చెన్నై, ఢిల్లీ, లక్నో నాలుగూ 14 దగ్గరే ఆగాయి. లోపలికి వెళ్లింది బెంగళూరు ఒక్కటే.

పాత సీజన్ల అంకెలు చెప్పి ఎవరైనా వాదిస్తే, ఆ ఏడాది జట్లెన్ని, మ్యాచ్‌లెన్ని అని ముందు అడగండి. 2013లో తొమ్మిది జట్లు, తలా 16 మ్యాచ్‌లు. అప్పుడు 18 పాయింట్లున్న బెంగళూరు కూడా ఇంటికి వెళ్లింది, 20 తెచ్చుకున్న మన జట్టు నాలుగో స్థానం పట్టింది. 2019లో ఎనిమిది జట్లు. ఆరు గెలిచి ఎనిమిది ఓడిన సన్‌రైజర్స్ 12 పాయింట్లతో ప్లేఆఫ్స్‌కు వెళ్లింది. అంత తక్కువ పాయింట్లతో ముందుకు వెళ్లిన జట్టు ఐపీఎల్‌లో వేరొకటి లేదు. కోల్‌కతా, పంజాబ్ కూడా 12 దగ్గరే ఆగాయి. మనల్ని గట్టెక్కించింది నెట్ రన్‌రేట్. మనది +0.577, కోల్‌కతాది +0.028, పంజాబ్‌ది -0.251.

రన్‌రేట్ దాకా వెళ్లేముందు ఇంకో చిన్న లెక్క ఉంది. మన జట్టు రేసులో ఉందో లేదో అరనిమిషంలో చెప్పేది అదే. ఇప్పుడున్న పాయింట్లకు, మిగిలిన మ్యాచ్‌లను రెండుతో గుణించి కలపండి. వచ్చేది ఆ జట్టు చేరగల గరిష్ఠం. ఆ గరిష్ఠం కంటే ఎక్కువ పాయింట్లు ఇప్పటికే నాలుగు జట్ల దగ్గర ఉంటే, ఇక చూడాల్సిందేమీ లేదు.

2025 మే 5న ఉప్పల్‌లో జరిగింది ఇదే. ఢిల్లీని 133 పరుగులకే కట్టడి చేశాం. ఛేజింగ్‌కు దిగేలోపే వాన మొదలైంది, మైదానం చెరువైంది, మ్యాచ్ రద్దయింది. చెరో పాయింట్. అప్పటికి 11 మ్యాచ్‌లలో మనకు 7 పాయింట్లు, మిగిలినవి మూడు మ్యాచ్‌లు. 7కు 6 కలిపితే 13. పట్టికలో బెంగళూరుకు 16, పంజాబ్‌కు 15, ముంబైకి 14, గుజరాత్‌కు 14. నలుగురూ 13 దాటేశారు. అక్కడితో సీజన్ ముగిసింది. ఆ రాత్రి గెలిచి ఉంటే గరిష్ఠం 14 అయ్యేది, ఆశ సన్నగా అయినా మిగిలేది. వాననే తిట్టుకున్నవాళ్లు చాలామంది. కానీ వానకు ముందే పది మ్యాచ్‌లలో ఏడు ఓడాం. ఆ గరిష్ఠాన్ని 28 నుంచి 14కు దించింది ఆ ఏడు ఓటములు. వాన తీసుకుంది ఒక్క పాయింటే. తర్వాత మిగిలిన మూడూ గెలిచి సరిగ్గా 13 దగ్గరే ఆగాం, ఆరో స్థానంలో.

ఇప్పుడు నెట్ రన్‌రేట్. మాట పెద్దదిగా వినిపిస్తుంది గానీ విషయం ఇంతే: మనం ఓవర్‌కు సగటున ఎన్ని పరుగులు చేశామో, అందులోంచి ఓవర్‌కు సగటున ఎన్ని ఇచ్చామో తీసేయడం. చేసింది ఎక్కువైతే ప్లస్, ఇచ్చింది ఎక్కువైతే మైనస్.

చాలామంది పొరబడేది ఒక్కచోట. ఒక్కో మ్యాచ్‌కు విడిగా రన్‌రేట్ తీసి, వాటికి సగటు కడతారు. అలా కాదు. బైక్ మైలేజీ ఎలా చూస్తాం? నెలంతా తిరిగిన కిలోమీటర్లు కూడి, నెలంతా పోయించిన లీటర్లతో భాగిస్తాం. ఇదీ అంతే. సీజన్ పరుగులన్నీ ఒక కుప్ప, సీజన్ ఓవర్లన్నీ ఒక కుప్ప, ఆ తర్వాతే భాగహారం.

2024 సన్‌రైజర్స్ లెక్కే వేద్దాం. మే 16న గుజరాత్‌తో ఉప్పల్ మ్యాచ్ ఒక్క బంతి పడకుండా వానకు పోయింది. దానివల్ల వచ్చిన పాయింట్‌తోనే మనకు ప్లేఆఫ్స్ ఖాయమైంది. ఫలితం తేలని మ్యాచ్ రన్‌రేట్ లెక్కలోకి రాదు. కాబట్టి మిగిలినవి 13 మ్యాచ్‌లు. వాటిలో మనం 2605 పరుగులు చేయడానికి వాడిన ఓవర్లు 247. భాగిస్తే ఓవర్‌కు 10.547. మనం ఇచ్చిన 2599 పరుగులకు వేసిన ఓవర్లు 256న్నర. భాగిస్తే 10.133. తేడా 0.414. పట్టికలో మన జట్టు పక్కన ప్లస్ గుర్తుతో కనిపించిన అంకె ఇదే.

మొదట అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. పరుగుల్లో తేడా ఆరే, కానీ ఓవర్లలో తేడా తొమ్మిదిన్నర. అంటే 57 బంతులు. ప్రత్యర్థులు మొత్తం మీద చేసినన్ని పరుగులే మనవాళ్లూ చేశారు, కానీ 57 బంతులు తక్కువ వాడుకున్నారు.

ఆ 57 బంతులు ఎక్కడ మిగిలాయి? ఒకే రాత్రిలో. 2024 మే 8, ఉప్పల్. లక్నో 20 ఓవర్లూ ఆడి 165 చేసింది. ట్రావిస్ హెడ్ 30 బంతుల్లో 89, అభిషేక్ శర్మ 28 బంతుల్లో 75. వికెట్ పడలేదు, 9.4 ఓవర్లలో ఆట అయిపోయింది. 120 బంతుల్లో చేయదగిన పని 58 బంతుల్లో ముగిసింది. మిగిలినవి 62 బంతులు. మిగతా 12 మ్యాచ్‌లు కలిపి చూస్తే, మనం మిగుల్చుకున్నదానికంటే ఎదుటివాళ్లు మన మీద మిగుల్చుకున్నది 5 బంతులు ఎక్కువ. 62లోంచి 5 తీస్తే 57. సీజన్ లాభమంతా ఆ ఒక్క ఛేజింగ్‌దే.

‘గెలిచే మ్యాచే కదా, అంత తొందరెందుకు, నిదానంగా ఆడినా రెండు పాయింట్లే కదా’ అనిపించవచ్చు. అదే 167 పరుగులను 18 ఓవర్లలో చేశారనుకోండి. 247 ఓవర్లు 255కు పైన అవుతాయి, నెట్ రన్‌రేట్ 0.414 నుంచి 0.070కు పడిపోతుంది. రాజస్థాన్‌ది 0.273. పద్నాలుగు ఓవర్లు తీసుకున్నా మనది 0.232 దగ్గర ఆగేది, రెండో స్థానం రాజస్థాన్‌కు పోయేది. ఆ రాత్రి ఇద్దరు ఓపెనర్లు ఆడింది సొగసు కోసం కాదు, సరదా కోసం అంతకన్నా కాదు. పదకొండు రోజుల తర్వాత దానికి విలువ వచ్చింది.

మే 19న ఏమైందో చూడండి. మధ్యాహ్నం ఉప్పల్‌లో పంజాబ్ 214 చేస్తే, మనవాళ్లు 19.1 ఓవర్లలో నాలుగు వికెట్ల తేడాతో గెలిచి 17 పాయింట్లకు చేరారు. రాత్రి గువాహటిలో రాజస్థాన్, కోల్‌కతా మ్యాచ్‌ను వాన మింగేసింది. రాజస్థాన్‌కు ఒక్క పాయింట్ వచ్చి అదీ 17 దగ్గరే ఆగింది. ఇద్దరికీ ఎనిమిదేసి గెలుపులు, పాయింట్లూ సమానమే. తేల్చింది రన్‌రేట్‌లో ఉన్న 0.141 తేడా. ఇంత చిన్న దశాంశం చూసి తికమకపడొద్దు. దాన్ని 247 ఓవర్లతో గుణిస్తే సీజన్ మొత్తానికి దాదాపు 35 పరుగులు. మ్యాచ్‌కు మూడు పరుగులు కూడా కాదు. మ్యాచ్‌కోసారి బౌండరీ దగ్గర వదిలేసిన ఒక బంతో, ఒకట్రెండు వైడ్లో, ఒక ఓవర్‌త్రోనో చాలు.

ఇంట్లో లెక్క వేసేటప్పుడు రెండు చోట్ల జాగ్రత్త పడాలి. మొదటిది, 9.4 ఓవర్లంటే దశాంశం కాదు. తొమ్మిది ఓవర్ల నాలుగు బంతులు. ఓవర్‌కు ఆరు బంతులు కాబట్టి అది 9.667. కాలిక్యులేటర్‌లో 167ను 9.4తో భాగిస్తే 17.77 వస్తుంది, అది తప్పు. 9.667తో భాగిస్తే 17.28, అదే సరైనది.

రెండోది ఆలౌట్. జట్టు ఆలౌట్ అయితే ఎన్ని ఓవర్లలో అయినా సరే, లెక్కలో పూర్తి 20 ఓవర్లు వేస్తారు. అదే సీజన్‌లో చెన్నైలో మనవాళ్లు 18.5 ఓవర్లలో 134కు కుప్పకూలారు. లెక్కలో రాసింది 134, 20 ఓవర్లు. ఇది న్యాయమే. పది వికెట్లూ పోగొట్టుకున్నాక మిగిలిన బంతులు మిగుల్చుకున్నట్టు కాదు కదా. ఈ నియమం లేకపోతే త్వరగా ఆలౌటైన జట్టు రన్‌రేట్ మెరుగ్గా కనిపించే వింత జరిగేది. 2019లో మనకు మేలు చేసిందీ ఇలాంటి ఆలౌటే. మార్చి 31న ఉప్పల్‌లో బెయిర్‌స్టో, వార్నర్ ఇద్దరూ సెంచరీలు కొట్టి 231 చేశారు, బెంగళూరు 113కు ఆలౌటైంది. ఓవర్‌కు 5.9 పరుగుల తేడా. ఆ ఒక్క మ్యాచ్ తేడాను 14 మ్యాచ్‌లకు పరిస్తే సుమారు 0.42. సీజన్ చివర్లో మన దగ్గర ఉన్నది 0.577. ఎక్కువ భాగం మొదటి పది రోజుల్లోనే వచ్చేసిందన్నమాట.

‘మనం వాళ్లను ఓడించాం కదా, పాయింట్లు సమానమైతే మనకే ఇవ్వాలి కదా’ అన్నది న్యాయంగా తోచే ప్రశ్న. ఫుట్‌బాల్ లీగుల్లో కొన్నిచోట్ల అలాగే చేస్తారు. ఐపీఎల్‌లో పాయింట్లూ గెలుపులూ సమానమైతే చూసేది నెట్ రన్‌రేట్‌నే, ముఖాముఖి ఫలితాన్ని కాదు. పది జట్లూ ఒకరితో ఒకరు సమాన సంఖ్యలో ఆడని పట్టికలో, అందరి మీదా ఆడిన ఆటను చూడటమే మేలని నా అభిప్రాయం.

రన్‌రేట్‌తో ముడిపడ్డ మరో వింత: ఓడిపోయి కూడా అర్హత సాధించవచ్చు. 2024 మే 18న బెంగళూరులో చెన్నై ముందున్న లక్ష్యం 219. గెలవాలంటే 219. ప్లేఆఫ్స్‌కు వెళ్లాలంటే మాత్రం 201 చాలు. 17 లేదా అంతకంటే తక్కువ పరుగుల తేడాతో ఓడినా చెన్నైకి బెంగళూరు కంటే మంచి రన్‌రేట్ ఉండేది. చివరి ఓవర్‌కు చెన్నైకి గెలవడానికి 35 కావాలి, అర్హతకు 17 చాలు. ధోనీ మొదటి బంతినే స్టేడియం దాటించాడు, రెండో బంతికి అవుటయ్యాడు. యశ్ దయాల్ ఆ ఓవర్‌లో ఇచ్చింది ఏడే. చెన్నై 191, 27 పరుగుల ఓటమి, ఇంటిదారి. సీజన్ చివర్లో బెంగళూరు 0.459, చెన్నై 0.392. తేడా 0.067. సీజన్ ఓవర్లతో గుణిస్తే పద్దెనిమిది పరుగులకు అటూ ఇటూ. బెంగళూరు కావాల్సినదానికంటే తొమ్మిది పరుగులు ఎక్కువ తేడాతో గెలిస్తే పద్దెనిమిది ఎలా అయింది? ఇద్దరూ ఎదురెదురు పడ్డప్పుడు ఒక పరుగు రెండు చోట్ల లెక్కకు వస్తుంది. ఒకరికి పెరుగుతుంది, ఇంకొకరికి అంతే తగ్గుతుంది. పోటీలో ఉన్న జట్టునే ఓడించడం అందుకే రెట్టింపు లాభం.

బెంగళూరు పేరు ఇన్నిసార్లు రావడం కాకతాళీయం కాదు. హైదరాబాద్, బెంగళూరుల మధ్య చివరి వారం లెక్కలు ఐపీఎల్ పుట్టిన కొత్తలోనే మొదలయ్యాయి. 2008లో ఆఖరి స్థానంలో ఉన్న అప్పటి హైదరాబాద్ జట్టు డెక్కన్ చార్జర్స్ 2009లో ఏడు గెలిచి ఏడు ఓడి 14 పాయింట్లతో నాలుగో స్థానం పట్టింది. పంజాబ్‌కూ 14 పాయింట్లే, అక్కడా తేల్చింది రన్‌రేటే. ఆ నాలుగో స్థానం నుంచి జొహాన్నెస్‌బర్గ్‌లో కప్పు దాకా వెళ్లి, ఫైనల్లో బెంగళూరును ఆరు పరుగులతో ఓడించింది. 2012 మే 20న ఉప్పల్‌లో బెంగళూరు గెలిస్తే ప్లేఆఫ్స్‌లో ఉండేది. అప్పటికే రేసులో లేని చార్జర్స్ తొమ్మిది పరుగులతో ఓడించింది. బెంగళూరు, చెన్నై రెండూ 17 దగ్గర నిలిచాయి. రన్‌రేట్ మీద చెన్నై వెళ్లి, ఏకంగా ఫైనల్ ఆడింది. చార్జర్స్‌కు ఐపీఎల్‌లో అదే చివరి మ్యాచ్. మరుసటి ఏడు ఆ జట్టు స్థానంలో కొత్తగా వచ్చిన సన్‌రైజర్స్ ఉప్పల్‌లో కోల్‌కతాను ఓడించి బెంగళూరు చేతిలోంచి నాలుగో స్థానం లాక్కుంది. 2016 ఫైనల్ సంగతి చెప్పనక్కర్లేదు: వాళ్ల ఊళ్లో, వాళ్ల మైదానంలో, ఎనిమిది పరుగులతో గెలిచాం. వాళ్ల వైపు నుంచీ ఒకటి చెప్పుకోవాలి. 2024లో మొదటి ఎనిమిది మ్యాచ్‌లలో ఏడు ఓడిన బెంగళూరు మళ్లీ లేచింది ఉప్పల్‌లోనే. ఏప్రిల్ 25న మనల్ని 35 పరుగులతో ఓడించి, వరుసగా ఆరు గెలిచి, ఆ 14 పాయింట్ల దగ్గరకు చేరింది.

ఇక టీవీలో కనిపించే శాతాలు. ‘సన్‌రైజర్స్ అవకాశం 12 శాతం’ అని వేస్తారు. ఎక్కడి నుంచి వస్తుంది? మిగిలిన ప్రతి మ్యాచ్‌కు రెండు ఫలితాలు. ఒక మ్యాచ్ మిగిలితే 2 దారులు, రెండు మిగిలితే 4, మూడు మిగిలితే 8. పది మిగిలితే 1024. ఇరవై మిగిలితే పది లక్షలు దాటుతాయి. కంప్యూటర్‌తో ఆ దారులన్నీ రాయించి, మన జట్టు మొదటి నాలుగింటిలో ఉన్నవి ఎన్నో లెక్కబెడతారు. అంతే. ఈ పద్ధతిలో ప్రతి మ్యాచ్ బొమ్మా బొరుసే. పట్టికలో మొదటి జట్టు ఆఖరి జట్టుతో ఆడినా సగం సగమే అనుకుంటారు. అందువల్ల ఆ శాతాన్ని దారుల లెక్కగా చూడండి, జోస్యంగా చూడకండి. ఎనిమిది మ్యాచ్‌లు మిగిలాయంటే 256 దారులే. అప్పటికి పెన్నూ పేపరూ పట్టుకుని ఇంట్లోనే ‘ఎవరు ఓడితే మనకు మేలు’ అన్నది తేల్చుకోవచ్చు.

‘నాలుగింటిలో ఉంటే చాలు కదా, రెండో స్థానం కోసం ఈ తాపత్రయం దేనికి?’ అంటారా? 2011 నుంచి ప్లేఆఫ్స్ ఇలా నడుస్తున్నాయి. మొదటి రెండు జట్లు క్వాలిఫయర్-1 ఆడతాయి, గెలిచినవాళ్లు నేరుగా ఫైనల్‌కు. మూడు, నాలుగు స్థానాలవాళ్లు ఎలిమినేటర్ ఆడతారు, ఓడినవాళ్లు ఇంటికి. క్వాలిఫయర్-1లో ఓడిన జట్టు, ఎలిమినేటర్‌లో గెలిచిన జట్టు క్వాలిఫయర్-2లో తలపడతాయి. మొదటి ఇద్దరికి ఒక ఓటమి మాఫీ. కింది ఇద్దరికి మూడూ గెలవక తప్పదు. అన్ని జట్లూ సమ ఉజ్జీలే అనుకుంటే మూడు మ్యాచ్‌లు వరుసగా గెలిచే అవకాశం ఎనిమిదిలో ఒకటి. మొదటి రెండు స్థానాలవాళ్లకు ఎనిమిదిలో మూడు. మూడు రెట్లు.

నిజంగా జరిగింది అంతకంటే కటువుగా ఉంది. 2011 నుంచి 2025 దాకా 15 సీజన్లు. రెండో స్థానం జట్టు తొమ్మిది సార్లు, మొదటి స్థానం జట్టు అయిదు సార్లు కప్పు గెలిచాయి. మూడో స్థానం నుంచి గెలిచింది ఒక్కసారే, 2016లో మన సన్‌రైజర్స్. వార్నర్ జట్టు ఎలిమినేటర్‌లో కోల్‌కతాను, తర్వాత గుజరాత్ లయన్స్‌ను, చివరికి బెంగళూరును దాటింది. నాలుగో స్థానం నుంచి ఈ పద్ధతిలో ఎవరూ గెలవలేదు. 2024లో ఆ 62 బంతులు మనకు కొనిపెట్టింది ఈ మాఫీనే. మే 21న క్వాలిఫయర్-1లో కోల్‌కతా చేతిలో చిత్తుగా ఓడాం. అయినా ఇంటికి రాలేదు. మూడు రోజుల తర్వాత చెన్నైలో అదే రాజస్థాన్‌ను 36 పరుగులతో ఓడించి ఫైనల్‌కు వెళ్లాం. ఫైనల్లో 113కే ఆలౌటై కోల్‌కతాకు కప్పు అప్పగించడం వేరే బాధ.

మన వీధుల్లో చాలా ఇళ్లలో ఒక అబ్బాయో అమ్మాయో అమెరికాలో చదువుతున్నారు. నవంబర్ చివర ఫోన్ చేసి, కాలేజీ ఫుట్‌బాల్ గురించి, ‘బౌల్’ గురించి చెబుతుంటే ఇక్కడి పెద్దవాళ్లకు అర్థం కాదు. ఐపీఎల్ లెక్క తెలిసినవాళ్లకు అదేమంత కష్టం కాదు, ఒక పెద్ద తేడా గుర్తుంచుకుంటే చాలు. అక్కడ పట్టిక ఒక్కటే తేల్చదు. వందకు పైగా యూనివర్సిటీలు ఆడతాయి, అందరూ అందరితో ఆడటం కుదరదు. అందుకే 13 మంది కమిటీ కూర్చుని ర్యాంకులు ఇస్తుంది. ఎవరిని ఓడించారు, ఎంత గట్టి జట్లతో ఆడారు అన్నవన్నీ చూస్తుంది. మన దగ్గర పట్టించుకోని ముఖాముఖి ఫలితం అక్కడ లెక్కలోకి వస్తుంది. 2024 నుంచి జాతీయ టైటిల్ ప్లేఆఫ్‌కు వెళ్లేది 12 జట్లు. అంతకుముందు నాలుగే. మిగతావాళ్లకు బౌల్ మ్యాచ్‌లు, అంటే సీజన్ ముగిశాక డిసెంబర్, జనవరిలలో వేర్వేరు ఊళ్లలో జరిగే ఒక్కొక్క మ్యాచ్‌లు. మామూలుగా 12 మ్యాచ్‌లలో ఆరు గెలిస్తే బౌల్‌కు అర్హత.

మనిషి నిర్ణయం ఉన్నచోట మనస్తాపమూ ఉంటుంది. 2023లో ఫ్లోరిడా స్టేట్ 13 ఆడి 13 గెలిచింది. అయినా నాలుగు జట్ల ప్లేఆఫ్‌లో చోటు దక్కలేదు. ముఖ్యమైన క్వార్టర్‌బ్యాక్, అంటే దాడిని నడిపే ఆటగాడు, గాయపడటంతో ఆ జట్టు మునుపటి జట్టు కాదని కమిటీ భావించింది. మన పద్ధతిలో 13కు 13 గెలిచిన జట్టును ఆపే మార్గమే లేదు. నా మట్టుకు నాకు, వానకు కొట్టుకుపోయినా సరే, అంకెలు తేల్చే పద్ధతే నచ్చుతుంది. 12 జట్ల పద్ధతి మొదటి ఏడాది ఏమైందో చూడండి. 2024 నవంబర్ 30న టెక్సస్, టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీల జట్లు 2011 తర్వాత మొదటిసారి తలపడ్డాయి. 17-7తో గెలిచిన టెక్సస్ ప్లేఆఫ్‌కు వెళ్లింది, ఏ అండ్ ఎంకు లాస్ వెగాస్ బౌల్ దక్కింది. అదే రోజు బద్ధశత్రువు మిషిగన్ చేతిలో 13-10తో ఓడిన ఒహాయో స్టేట్, 12 జట్ల పద్ధతి పుణ్యమా అని ఆరో ర్యాంకుతో లోపలికి వెళ్లి, జనవరి 20న జాతీయ చాంపియన్ అయింది. పాత నాలుగు జట్ల పద్ధతిలో ఆరో ర్యాంకుకు చోటే లేదు.

వచ్చే సీజన్‌కు ఒక పాత నోటుబుక్ పక్కన పెట్టుకోండి. మొదటి మ్యాచ్ నుంచే ప్రతి ఆటకూ నాలుగు అంకెలు రాయండి: చేసిన పరుగులు, ఆడిన బంతులు, ఇచ్చిన పరుగులు, వేసిన బంతులు. ఓవర్లకు బదులు బంతులే రాస్తే దశాంశాల తికమక ఉండదు, చివర్లో ఆరుతో గుణిస్తే సరిపోతుంది. ఆలౌట్ అయితే 120 బంతులు వేయడం, వానకు పోయిన మ్యాచ్‌ను వదిలేయడం మరచిపోకండి. మే నెలలో టీవీ చెప్పే లోపే మీ దగ్గర జవాబు ఉంటుంది.